ఆ పిల్ల వెనక్కి వెళ్ళిపోతే మీకెందుకండీ కోపం?

పోయిన శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో నలుగురం కూర్చుని ఒక కెనడా సినిమా చూశాం. చూడమని మా అమ్మాయి నెల రోజులుగా పోరుతోంది. మగవాళ్ళెవరూ ఇంట్లో లేరు. మిరపకాయ బజ్జీలు వేశాను, కర్టెన్లు లాగేశాం. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా స్నేహితురాలొకావిడ ప్లేటు కింద పెట్టి, "అంత కష్టపడి తీసుకెళ్తే మళ్ళీ వాడి దగ్గరికే పోయిందా! ఇలాంటివాళ్ళకి సాయం చెయ్యకూడదు తల్లీ" అంది. మిగతా ఇద్దరూ తలూపారు.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఇంటికొచ్చినవాళ్ళతో ఏం గొడవ పెట్టుకుంటాం? "టీ పెట్టనా" అని లేచాను. ఆ మండినదంతా ఇవాళ ఇక్కడ రాస్తున్నాను. ముగింపు కూడా చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు ఏమీ అనుకోకండి. ఇది చివర్లో ఏమవుతుందో అని చూసే సినిమా కాదు.

సినిమా పేరు ‘ద బాడీ రిమెంబర్స్ వెన్ ద వరల్డ్ బ్రోక్ ఓపెన్’. పేరే ఒక పెద్ద వాక్యం. 2019లో బెర్లిన్ చిత్రోత్సవంలో మొదట వేశారు. ఎల్లె మైయా టెయిల్‌ఫెదర్స్, కాథ్లీన్ హెప్‌బర్న్ అనే ఇద్దరు ఆడవాళ్ళు కలిసి రాసి, కలిసి తీశారు. టెయిల్‌ఫెదర్స్ బ్లాక్‌ఫుట్ అనే ఆదివాసీ తెగ అమ్మాయి. మరో వైపు నుంచి నార్వే సామీ ఆదివాసుల రక్తం. ముఖ్య పాత్ర ఐలా కూడా ఆవిడే వేసింది. ఒకప్పుడు వాంకూవర్‌లో తనకు నిజంగా ఎదురైన సంగతే ఈ కథకు మూలమట.

కథ చెప్పాలంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. ఐలా డాక్టరు దగ్గర గర్భం రాకుండా లోపల పరికరం పెట్టించుకుని బయటికి వస్తుంది. వాన. బస్టాపు దగ్గర ఒక పడుచుపిల్ల చెప్పుల్లేకుండా, తడుస్తూ, ముఖం మీద దెబ్బలతో నిలబడి ఉంటుంది. నిండు కడుపు. రోడ్డవతల నుంచి ఒక మగవాడు అరుస్తుంటాడు. ఐలా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్తుంది. పిల్ల పేరు రోజీ. పొడి బట్టలిస్తుంది. పోలీసులకు ఫోన్ చేద్దామా అంటే రోజీ వద్దంటుంది. ఆడవాళ్ళకు తలదాచుకునే చోటు ఇచ్చే ఇళ్ళకు ఐలా ఫోన్లు చేస్తుంది. ఒకచోట ఖాళీ ఉందంటే ఇద్దరూ ట్యాక్సీలో వెళ్తారు. అక్కడివాళ్ళు నెమ్మదిగా మాట్లాడతారు, ఉండమంటారు. రోజీ ఉండనంటుంది. తిరిగి ట్యాక్సీ ఎక్కుతుంది. అంతే.

ఈ కథ అంతా ఒక్క షాటులా కనిపిస్తుంది. మనం గడియారం చూసుకుంటే ఎంత సేపైందో వాళ్ళకీ అంత సేపే అయి ఉంటుంది. పాత పద్ధతిలో 16 ఎంఎం ఫిల్ము మీద తీశారట. ఆ ఫిల్ము పదకొండు నిమిషాలకల్లా అయిపోతుంది కాబట్టి, అతుకు కనబడకుండా కెమెరా నుంచి కెమెరాకు మారుతూ తీశారట. కెనడాలో దర్శకత్వానికీ కథకూ పెద్ద అవార్డులే వచ్చాయి. అవార్డుల సంగతి అలా ఉంచండి. నాకు ముఖ్యమనిపించింది ఏమిటంటే, కట్ లేకపోవడం వల్ల మనకు తప్పించుకునే దారి ఉండదు. మామూలు సినిమాలో అయితే సోఫా మీద ఇద్దరు ఆడవాళ్ళు ఏం మాట్లాడాలో తెలియక కూర్చున్న ఆ నిమిషాలు కత్తిరించేస్తారు. ఇక్కడ అవన్నీ ఉన్నాయి. పరాయి ఇంట్లో తడి బట్టలు విప్పుకోవడానికి సిగ్గుపడే పిల్ల, ఏం అడిగితే ఏం బాధపడుతుందో అని తడబడే పెద్దామె. ఎవరికైనా నిజంగా సాయం చేసిన అనుభవం ఉంటే మీకు తెలుస్తుంది, అందులో తొంభై పాళ్ళు ఈ ఇబ్బందే.

ఇక మావాళ్ళ అభియోగాలకు వస్తాను.

మొదటిది: "సాయం చేసినావిడ ఇంట్లోనే చేతివాటం చూపించింది చూడు." నిజమే, ఐలా చూడనప్పుడు రోజీ ఆమె వస్తువులు కొన్ని తీసి దాచుకుంటుంది. మాటలు కూడా పెడసరంగా ఉంటాయి. ఐలా తెల్లగా ఉంటుంది, చదువుకుంది, పుస్తకాలున్న ఇల్లు. రోజీకి అది కంట్లో నలుసు. నువ్వూ నేనూ ఒకటేనా అన్నట్టు చూస్తుంది. సరే, చూసింది. అయితే? దెబ్బలు తిన్నది మంచిపిల్ల అయితేనే జాలి పడతామా? మనకు కావలసిన బాధితురాలు ఎలా ఉండాలో ఎప్పుడైనా గమనించారా? తలవంచుకుని ఉండాలి, కన్నీళ్ళు కార్చాలి, మనం పెట్టిన కాఫీ తాగి "మీ రుణం తీర్చుకోలేను అక్కా" అనాలి. ఎదురు మాట్లాడిందా, "దీనికి నోరెక్కువ, అందుకే కొట్టి ఉంటాడు" అనేస్తాం. ఈ మాట నా చెవులతో విన్నాను. అన్నది ఆడమనిషే.

రోజీ అంత బిగుసుకుని ఎందుకుందో సినిమాలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. తను ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన పిల్ల అని మాటల్లో తెలుస్తుందంతే. కెనడా చరిత్ర కొంచెం తెలిస్తే తప్ప ఆ ఒక్క మాట బరువు మనకు అందదు. అక్కడ ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కెళ్ళి రెసిడెన్షియల్ స్కూళ్ళలో వేసేవారు. భాష మాట్లాడితే కొట్టేవారు. వందేళ్ళకు పైగా లక్షా యాభై వేల మందికి మించిన పిల్లలు ఆ బడుల్లో పెరిగారు. చివరి బడి మూతపడింది 1990లలో, అంటే మన పిల్లలు పుడుతున్న రోజుల్లో. బడులు పోయాయి, లాక్కెళ్ళడం పోలేదు. 2021 జనాభా లెక్కల ప్రకారం కెనడా పిల్లల్లో ఆదివాసీలు 7.7 శాతమే. కానీ ఫోస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వం వేరే ఇళ్ళలో ఉంచి పెంచే పిల్లల్లో, 53.8 శాతం వాళ్ళే.

ఇంకోటి చెప్తాను, ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుట్టబోయే బిడ్డకు ఈ తల్లి దగ్గర ప్రమాదం ఉంటుందని శిశు సంక్షేమ శాఖ అనుకుంటే, ఆ తల్లికి మాట మాత్రం చెప్పకుండా ముందే ఆసుపత్రులకు కబురు పెట్టేవారు. ‘బర్త్ అలర్ట్’ అనేవారు. కాన్పు అవగానే బిడ్డను తీసుకుపోవచ్చు. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియాలో దీన్ని ఆపింది 2019 సెప్టెంబరులో. ఈ సినిమా వచ్చిన ఏడాదే!

ఇప్పుడు నిండు కడుపుతో ఉన్న ఆ పిల్ల స్థానంలో కూర్చోండి. పోలీసులొస్తే కేసు రాస్తారు. కేసులో "ఇంట్లో హింస ఉంది" అని ఉంటుంది. హింస ఉన్న ఇంట్లో బిడ్డను ఉంచుతారా? తనను చిన్నప్పుడు ఏ చేతులు తీసుకెళ్ళాయో అవే చేతులు రేపు తన బిడ్డను తీసుకెళ్ళవని ఆ పిల్లకు ఎవరు భరోసా ఇస్తారు? ఆదివాసీ స్త్రీల అదృశ్యాలూ హత్యల మీద వేసిన జాతీయ విచారణ 2019 జూన్‌లో నివేదిక ఇచ్చింది. 231 డిమాండ్లున్నాయి అందులో. ఆడవాళ్ళు కనిపించకుండా పోయారని కుటుంబాలు మొత్తుకున్నా పోలీసులు పట్టించుకోలేదన్న గోడు ఆ విచారణ పొడవునా వినిపించింది. రోజీ పోలీసులను వద్దనడం తెలివితక్కువతనం కాదండీ. అది వాళ్ళ అమ్మమ్మ కాలం నుంచి వచ్చిన లెక్క.

మావాళ్ళ రెండో అభియోగం పెద్దది: "అక్కడ అన్నీ ఉన్నాయి కదా, ఉండిపోవచ్చు కదా." మంచం ఉంది, అన్నం ఉంది, మంచి మాట ఉంది. నిజమే. ఇదే మాటకు వాళ్ళు ‘థప్పడ్’ సినిమాను కూడా తెచ్చారు. "తాప్సీ చూడు, ఒక్క చెంపదెబ్బకు బయటికొచ్చేసింది, ఆమె కూడా కడుపుతోనే ఉంది కదా." ‘థప్పడ్’ నాకూ ఇష్టమే. 2020లో మా ఆయన పక్కన కూర్చుని చూశాను, ఆయన మధ్యలో రెండుసార్లు నీళ్ళకని లేచారు! కానీ అమృత బయటికొచ్చి ఎక్కడికి వెళ్ళింది? పుట్టింటికి. తలుపు తీసి లోపలికి రమ్మన్న తండ్రి ఉన్నాడు. కోర్టులో నిలబడే లాయరమ్మ ఉంది. ధైర్యం అమృతదే, కాదనను. ఆ ధైర్యానికి కాలు మోపే నేల ఎవరిచ్చారో కూడా చూడాలి కదా. రోజీకి పుట్టిల్లే లేదు. ఆ కొట్టేవాడూ, వాడి తల్లీ ఉన్న ఆ ఇరుకింటినే ఆ పిల్ల ఇల్లు అనుకుంటోంది. చెడ్డదో మంచిదో, ఆ పిల్ల జన్మలో తనదని చెప్పుకోగలిగిన ఇల్లు అదొక్కటే. గంటన్నర క్రితం పరిచయమైన మనిషి "పద" అంటే దాన్ని వదిలి రావాలా?

నన్ను బాగా పట్టేసిన సీను ట్యాక్సీలోది. డ్రైవరు మాట కలిపితే రోజీ ఒక అబద్ధం అల్లుతుంది. ఈమె మా అక్క, వ్యసనంలో పడిపోయింది, మాన్పించడానికి తీసుకెళ్తున్నాను అంటుంది. ఐలా నోరు మెదపదు, ఆ అబద్ధాన్ని అలాగే మోస్తుంది. మా స్నేహితురాళ్ళు ఇక్కడ నవ్వారు, "ఎంత జాణ!" అని. నాకు మాత్రం గొంతు పట్టేసింది. పొద్దుట్నుంచీ అందరి కళ్ళకూ జాలిపడాల్సిన పిల్ల తను. ఆ ట్యాక్సీలో కాసేపు తను కాపాడే మనిషైంది, పెద్దామె కాపాడబడే మనిషైంది. అక్క అని కూడా అంది, అబద్ధంగానైనా. ఐలా ఆ రోజు రోజీకి ఇచ్చిన వాటిల్లో పొడి బట్టల కన్నా, ఫోన్ కాల్స్ కన్నా పెద్దది ఇదేనని నా ఉద్దేశం. నేను సాయం చేసేదాన్ని, నువ్వు తీసుకునేదానివి అన్న గర్వాన్ని ఒక పావుగంట వదులుకుంది. మనం వదులుకోగలమా చెప్పండి!

అందరూ ఆదివాసీలే కదా, ఆడవాళ్ళే కదా, కలిసిపోతారు అని సినిమా ఎక్కడా తేలిగ్గా చెప్పదు. ఒకే మూలం నుంచి వచ్చిన ఇద్దరి మధ్య కూడా రంగు, చదువు, డబ్బు గోడలు కట్టేస్తాయి. ఒకరు బిడ్డ వద్దనుకుని వైద్యం చేయించుకున్న రోజునే ఇంకొకరు బిడ్డను కడుపులో పెట్టుకుని వానలో నిలబడ్డారు. ఐలా ఆ గోడ లేనట్టు నటించదు. గోడ ఇవతల నిలబడే చెయ్యి చాస్తుంది. రోజీ ఆ చెయ్యి కాసేపు పట్టుకుని వదిలేస్తుంది. ఐలా దిగులు పడుతుంది తప్ప, "నీ కోసం ఇంత చేశాను" అనదు.

నేను అన్నాను. ఇదే ఇవాళ అసలు చెప్పాలనుకున్నది, ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను.

పన్నెండేళ్ళ క్రితం మేము అద్దెకున్న ఇంట్లో కింది వాటాలో ఒక జంట ఉండేవారు. ఆ అమ్మాయికి ఇరవై రెండో ఇరవై మూడో. రాత్రిళ్ళు శబ్దాలు వచ్చేవి. టీవీ సౌండు పెంచుకున్న రోజులు కూడా ఉన్నాయి, దాచను. ఒక రోజు పొద్దున్నే పెదవి చిట్లి మా గుమ్మంలోకి వచ్చింది. నేను ఆటో పిలిచి, బస్టాండు దాకా వెళ్ళి, చేతిలో రెండు వేలు పెట్టి, వాళ్ళ ఊరి బస్సు ఎక్కించి వచ్చాను. ఆ రోజంతా నాకు ఎంత గర్వంగా ఉందో! మా అత్తగారు "ఆలుమగల మధ్యకు మనమెందుకే" అంటే ఎన్నడూ లేనిది ఎదురు చెప్పాను. అయిదో రోజు ఆ అమ్మాయి తిరిగొచ్చింది. వాళ్ళ నాన్నే తీసుకొచ్చి దింపి వెళ్ళాడు. మెట్ల మీద ఎదురుపడి "అక్కా" అంటే నేను, "మరి నన్నెందుకమ్మా అంత హైరానా పెట్టావు" అన్నాను.

తర్వాత తొమ్మిది నెలలు ఒకే ఇంట్లో పైనా కిందా ఉన్నాం. ఆ అమ్మాయి మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. శబ్దాలు మాత్రం ఆగలేదు. తర్వాత వాళ్ళు ఇల్లు మారిపోయారు.

అత్తగారు వద్దన్నా నేను చేసిన సాయం ఒక్క రోజుది. "అక్కా" అన్న పిలుపుకి నేనిచ్చిన జవాబు తొమ్మిది నెలలు ఆ అమ్మాయికి నా తలుపు మూసేసింది. ఇప్పుడు చెప్పండి, ఆ అమ్మాయికి ఎవరు ఎక్కువ నష్టం చేశారు, వద్దన్న అత్తగారా, చేసి దెప్పిన నేనా? కొట్టే మొగుడికి కావలసిందీ అదే కదండీ. ఆమెకు ఒక్కొక్క తలుపూ మూసుకుపోవాలి. సగం తలుపులు వాడు మూస్తాడు. మిగతా సగం "ఇంత చెప్పినా వినలేదు" అంటూ మనం మూసేస్తాం.

మన ఇంటి లెక్క కూడా ఒకసారి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొగుడు కొట్టడం ఏదో ఒక సందర్భంలో సబబేనని చెప్పిన ఆడవాళ్ళు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో పై వరుసలో ఉన్నాం, చప్పట్లు కొట్టుకోవాలి. ఆ సందర్భాలు ఏమిటనుకున్నారు? వంట సరిగ్గా చెయ్యకపోవడం ఒకటి. అత్తమామలను గౌరవించకపోవడం ఒకటి. చెప్పకుండా బయటికి వెళ్ళడం ఒకటి. దెబ్బలు తిన్నవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు దేశం మొత్తం మీద 14 శాతమే. మరి అడగరు కదా! అడగాల్సిన గుమ్మంలో కూర్చున్నది ఆ 83 శాతంలోని మనమే అయితే ఎవరిని అడుగుతారు?

"అయితే చూస్తూ ఊరుకోమంటావా, వాడు చంపేస్తే?" అని టీ తాగుతూ మా స్నేహితురాలు అడిగింది. మంచి ప్రశ్న. ప్రాణం మీదికొస్తే ఆమె వద్దన్నా ఫోన్ చెయ్యాలి, 112 ఉంది, 181 ఉంది. కింద అరుపులు వినబడితే ఉప్పు అరువడిగే వంకతోనైనా వెళ్ళి తలుపు కొట్టాలి. నేను ఆ వంక కూడా పెట్టలేదు. కానీ ఆ రాత్రి గడిచాక, ఉండాలా వెళ్ళాలా అన్నది ఆమె తేల్చుకోవాలి. ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళంతా చెప్పే సంగతి ఒకటే. చాలామంది ఒక్కసారికి బయటపడరు, వెళ్తారు, వస్తారు, మళ్ళీ వెళ్తారు. విడిచి వెళ్ళే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. ఎప్పుడు కదలాలో వాడి కళ్ళలోకి రోజూ చూసే మనిషికి తెలిసినంత మనకు తెలియదు. వెనక్కి వచ్చిన మనిషిని అయిదో రోజైనా, యాభయ్యో రోజైనా "అన్నం తిన్నావా" అని పలకరించాలి. ఆమె ఆధార్ కార్డు జిరాక్సులూ, నాలుగు వందల రూపాయలూ మన బీరువాలో దాచి ఉంచాలి. ఇది హైరానా పని కాదు, గర్వపడే పనీ కాదు. ఎవరూ చూడరు. అందుకే మనకు నచ్చదనుకుంటాను.

ఆ సినిమాలో ఆశ్రయమిచ్చే ఇంటి ఆడవాళ్ళు చేసింది అదే. రోజీ ఉండనంటే వాళ్ళ మొహాలు మాడిపోలేదు. గడప దాటే పిల్లను చూసి నిట్టూర్చి గట్టిగా తలుపు వెయ్యలేదు. మళ్ళీ రావచ్చని చెప్పి పంపారు. మావాళ్ళు ఆ సీను టైములో బజ్జీల గిన్నె అటూ ఇటూ అందించుకుంటున్నారు, అందుకే చూసి ఉండరు.

నిన్న ఆ స్నేహితురాలే ఫోన్ చేసింది. పోట్లాటకు కాదు. "ఆ కింది వాటా అమ్మాయి ఇప్పుడెక్కడుందో" అంది. ఆ కథ ఆవిడకెప్పుడో చెప్పాను, అప్పట్లో నా గొప్ప కోసం చెప్పాను. పాత ఇంటివాళ్ళకు ఫోన్ చేశాను, వాళ్ళకు తెలియదట. ఫేస్‌బుక్‌లో వెతుకుదామని కూర్చున్నాను. ఆ అమ్మాయి పేరు గుర్తుంది. ఇంటిపేరు మాత్రం నేనెప్పుడూ అడగలేదు.